గుంట గజమైన చోట సమాజశాస్త్రం

(రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట తరగతికి 'సమాజాన్ని చూసే దృక్పథాలు' అని పేరు పెట్టారు. బోర్డు మీద ఆ పేరు చూసి ముగ్గురు నలుగురు టీ తాగి వెళ్లిపోయారని వాకిట్లో ఉన్నవాళ్లు చెప్పారు. తప్పు వాళ్లది కాదు. మేమూ పదో తరగతితో బడి మానేసినవాళ్లమే. మా ఇంట్లో పిల్ల గ్రూప్స్ పరీక్షకు చదువుతూ తెలుగు అకాడమీ పుస్తకం ఒకటి తెచ్చింది. మక్కచేనుకు అడవిపందుల కాపలా పోయిన రాత్రుల్లో దాన్ని టార్చిలైటు వెలుగులో చదివాం. ప్రకార్యవాదం, సంఘర్షణ సిద్ధాంతం, ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం... పేర్లకు నోరు తిరగదు. కానీ చదువుతుంటే ప్రతి పేజీలో మాదాపూర్, గచ్చిబౌలి, కోకాపేట కనిపించాయి. పాతికేళ్లుగా మనం కళ్లతో చూసిందే అది. మనం పేరు పెట్టలేదు, వాళ్లు పెట్టారు.

మనకు ఇదంతా ఎందుకని అడగొచ్చు. మన ఊరికి ఆఫీసరు వచ్చినా, కంపెనీ మనిషి వచ్చినా, ప్లాట్ల బ్రోకరు వచ్చినా ఏదో ఒక చూపుతోనే వస్తారు. ఆ చూపేమిటో పట్టుకోకపోతే వాళ్లడిగినదానికి జవాబు చెప్పి ఇంటికొస్తాం. మనం అడగాల్సింది మాత్రం కడుపులోనే ఉండిపోతుంది.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. రెండు నెలల తర్వాత, 1999 జనవరి 26న, రైతుబజార్లు మొదలయ్యాయి. మాకు ఈ రెండూ కలిసే గుర్తుంటాయి. మేం మెహిదీపట్నం రైతుబజారుకు వంకాయ, టమాట మోసేవాళ్లం. మా అక్కను ఇచ్చింది గచ్చిబౌలి అవతలి ఊరికి. పండుగకు వాళ్లింటికి పోయినప్పుడల్లా ఒక చేను తగ్గి ఒక ప్రహరీ గోడ కనిపించేది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. దాదాపు 52 చదరపు కిలోమీటర్లు దాని కిందికి పోయాయి. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఇప్పుడు మా అక్క వాళ్ల ఊరిని ఊరు అనరు. ఏదో ఒక టవర్ పేరు చెప్పి 'దాని వెనుక' అంటారు.

ఇక చూపుల సంగతికి వద్దాం.

మొదటిది, సమాజాన్ని ఒక శరీరంలా చూసే చూపు. కాలు నడుస్తుంది, కడుపు అరిగిస్తుంది, అన్నీ కలిస్తే మనిషి బతుకుతాడు. కుటుంబం, బడి, గుడి, మార్కెట్టు, ప్రభుత్వం కూడా అట్లా తలా ఒక పని చేస్తూ సమాజాన్ని నిలబెడతాయంటుంది ఇది. ఫ్రాన్సు దేశపు ఎమిలీ డర్క్‌హైమ్ 1893లో శ్రమ విభజన మీద పుస్తకం రాశాడు. పాతకాలంలో మనుషులు ఒకే తీరుగా ఉండబట్టి కలిసి ఉండేవారనీ, కొత్తకాలంలో వేర్వేరు పనులు చేస్తూ ఒకరి అవసరం ఒకరికి పడి కలిసి ఉంటారనీ దాని సారం. ఆ తర్వాత అమెరికాలో టాల్కాట్ పార్సన్స్ దీన్ని పెద్ద సిద్ధాంతంగా పెంచాడు.

దీనికి మనకు చాలా దగ్గరి ఉదాహరణ ఉంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే అనే పండితుడు ఒక బృందంతో శామీర్‌పేటకు పోయాడు. అవును, ఇవాళ రింగ్ రోడ్డు దిగే శామీర్‌పేటే. ఆ ఊరి కులాలు, పంటలు, పండుగలు, కుటుంబాలు అన్నీ చూసి 1955లో 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం వేశాడు. స్వతంత్రం వచ్చాక ఒక ఊరిని అంత సమగ్రంగా రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి. కుమ్మరి కుండ చేస్తాడు, కమ్మరి నాగటికర్రు సాగదీస్తాడు, చాకలి బట్టలుతుకుతాడు, పంట రాగానే కల్లంలో ఎవరి వాటా వాళ్లకు కొలుస్తారు. ఇట్లా ఒకరి మీద ఒకరు ఆధారపడిన ఊరు. మన పెద్దలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

అయితే ఈ చూపులో ఒక చిక్కుంది. అంతా బాగా అమరినట్టు కనిపిస్తుంది. కల్లంలో మాదిగ తాతకు కొలిచిన గింజలు చూపిస్తుంది. దొర గడీలో ఆయన చేసిన వెట్టిని అంత గట్టిగా చూపించదు. దూబేకు పదిహేనేళ్ల ముందే, 1936లో, అంబేద్కర్ లాహోరు సభ కోసం ఒక ప్రసంగం రాసుకున్నారు. నిర్వాహకులు భయపడి సభనే రద్దు చేస్తే సొంత ఖర్చుతో అచ్చేయించారు. కులమంటే పనిని పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టి ఒకరి కింద ఒకరిని పెట్టడం అని ఆయన అందులో తేల్చి చెప్పారు. డర్క్‌హైమ్ చెప్పినదానికి మన దేశం నుంచి అంతకంటే గట్టి జవాబు లేదని మా అభిప్రాయం.

ఇవాళ ఆఫీసర్లు మనకు చూపించేది ఈ శరీరం బొమ్మే. ఐటీ కంపెనీ వస్తే క్యాబ్ డ్రైవరుకు పని, హాస్టల్లో వంటమనిషికి పని, పాలవాడికి గిరాకి, ప్రభుత్వానికి పన్ను, ఆ పన్నుతో మీకు పథకాలు అంటారు. ఇది అబద్ధం కాదు. ఈ గదిలో ఎంతమంది పిల్లలు ఆ కారిడార్‌లో పనిచేయడం లేదు? ఐటీని తిట్టి కూర్చుంటే ముందు మన పిల్లలే నవ్వుతారు. కానీ శరీరం అన్నప్పుడు ఒక మాట అడగాలి. కాలు తీసేసి చేతిని బలిపిస్తే ఆ మనిషిని ఆరోగ్యవంతుడు అంటామా?

ఈ ప్రశ్న ఆ బడిలోంచే ఒకాయన అడిగాడు. రాబర్ట్ మెర్టన్ 1949లో ఏమన్నాడంటే, ఏ ఏర్పాటుకైనా పైకి చెప్పే పని ఒకటి, ఎవరూ చెప్పకుండా జరిగే పని ఇంకొకటి ఉంటాయి. కొన్ని ఏర్పాట్లు కొందరికి మేలు, కొందరికి చేటు చేస్తాయి. దుర్గం చెరువును చూడండి. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువది. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన ప్రారంభమైంది. ఇవాళ సాయంత్రం పూట జనం లైట్లు చూడటానికి, ఫోటోలు దిగటానికి పోతారు. చెరువుకు 'పని' ఉంది, కాదనం. ఆ పనేమిటో ఎవరు నిర్ణయించారన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నతో రెండో చూపులోకి వచ్చాం.

సమాజం శరీరం కాదు, పొలం గట్టు లాంటిది అంటుంది ఇది. గట్టు ఇవాళ ఉన్న చోటు ఎవరో తగాదాపడి, ఎవరో గెలిచి, ఎవరో ఓడిపోతే వచ్చిన చోటు. మార్క్స్ 1867లో వేసిన 'పెట్టుబడి' మొదటి సంపుటం చివరి భాగంలో ఇంగ్లండు రైతులను ఉమ్మడి భూముల నుంచి ఎట్లా వెళ్లగొట్టారో వివరంగా రాశాడు. ఆ తరలింపు ఏనాడో ఒకసారి జరిగి ఆగిపోలేదు, ఇప్పటికీ జరుగుతూనే ఉందని 2003లో డేవిడ్ హార్వే రాశాడు. సంఘం మనుషులకు ఈ చూపు కొత్త కాదు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగం దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

ఆ ఐటీ కారిడార్ రెవెన్యూ గ్రామాల పేర్లు చదవండి. రాయదుర్గ్ పాయగా, రాయదుర్గ్ పాన్‌మక్తా, రాయదుర్గ్ నవ్‌ఖల్సా, మణికొండ జాగీరు. పాయగా, మక్తా, ఖల్సా, జాగీరు. నిజాం కాలంలో ఏ భూమి శిస్తు ఎవరి పెట్టెలోకి పోయేదో ఆ పేర్లలోనే ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 38-ఈ సర్టిఫికెట్ల కోసం మన తాతలు, తండ్రులు ఎన్ని ఆఫీసులు తిరిగారో మీకు తెలుసు. అద్దాల మేడ కింద ఉన్నది ఖాళీ రాళ్ల గుట్ట అనుకుంటారు పిల్లలు. గుట్టలు ఉన్న మాట నిజమే. ఆ గుట్టల మధ్య గొర్లు మేశాయి, జొన్న పండింది, కాగితం లేనివాళ్లు కూడా బతికారు.

1894 భూసేకరణ చట్టం ఎట్లా పనిచేసిందో పాతవాళ్లకు గుర్తు. నాలుగో సెక్షను నోటిఫికేషన్ వచ్చిన రోజు ధర ఎంతో అంతే లెక్క. 1984 సవరణ తర్వాత దాని మీద 30 శాతం సొలేషియం. ఏ పని కోసం భూమి తీసుకుంటున్నారో ఆ పని వల్ల పెరగబోయే ధరను లెక్కలోకి తీసుకోవద్దని చట్టమే చెప్పింది. అంటే రేపటి విలువ పట్టాదారుది కాదు. మరి ఎవరిది? 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ ప్లాట్లను హెచ్‌ఎండీఏ వేలం వేసింది. ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. మొత్తం 45 ఎకరాల పైచిలుకుకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి. భూమి అదే, రాయి అదే. చుట్టూ రోడ్డు, పేరు, అధికారం చేరాయి. సంఘర్షణ సిద్ధాంతం చెప్పేదల్లా ఆ పెరిగిన విలువ ఎవరి జేబులోకి పోవాలన్నదే అసలు తగాదా అని.

అసైన్డు భూములది ఇంకా చేదు కథ. భూమిలేని పేదలకు, ఎక్కువగా దళితులకు, ఇచ్చిన భూములవి. 1977 చట్టం ప్రకారం అమ్ముకోవద్దు. మంచిదే, పెద్దలు కాజేయకుండా పెట్టారు. కానీ ప్రభుత్వానికి కావాల్సి వచ్చినప్పుడు 'మేం ఇచ్చిందే కదా' అని పరిహారంలో కోత పెట్టేవారు. ఈ తగాదా మన చేవెళ్ల డివిజన్ కేసులోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం దాకా పోయింది. అసైన్డు రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్టు ధర కట్టివ్వాలని 2004లో తీర్పు వచ్చింది. ఈ తీర్పు సంగతి తెలియని అసైన్డు రైతులు ఇప్పటికీ ఉన్నారు. మీ ఊరికి పోయి మొదట చెప్పాల్సిన మాట ఇదే.

వెబర్ అని ఇంకో జర్మన్ పండితుడున్నాడు. డబ్బు వేరు, గౌరవం వేరు, అధికారం వేరు, మూడూ ఒకచోటే ఉండాలని లేదన్నాడు. మా బావకు పరిహారం వచ్చినప్పుడు ఇది మాకు అర్థమైంది. డబ్బు వచ్చింది, కారు వచ్చింది. ఊళ్లో పంచాయితీ చెప్పే మనిషి అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో వెనుక కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఆయన కొండ ఏడేళ్లలో కరిగింది.

మూడో చూపు మాకు ఎక్కువ పని చెప్పింది. అమెరికాలో జార్జ్ హెర్బర్ట్ మీడ్, ఆయన శిష్యుడు హెర్బర్ట్ బ్లూమర్ దీనికి పునాది వేశారు. సమాజం పెద్ద పెద్ద వ్యవస్థల్లో మాత్రమే లేదు, మనుషులు రోజూ ఒకరితో ఒకరు మాట్లాడే మాటల్లో, పెట్టే పేర్లలో, చూసే చూపుల్లో తయారవుతుందంటారు వీళ్లు. ఒక వస్తువుకు మనం ఏ అర్థం ఇస్తామో దాన్ని బట్టే దానితో నడుచుకుంటాం.

భూమిని మనం దేనితో కొలుస్తాం? ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 గజాలు. గుంట అన్నప్పుడు మన మనసులో ఏముంటుంది? ఎన్ని సాళ్లు వస్తాయి, ఎంత విత్తనం పడుతుంది, నీళ్లు పారతాయా లేదా. గజం అన్నప్పుడు? ఎంత రేటు. మా అక్క వాళ్ల ఊళ్లో ఒక్క సెంటు భూమి కూడా చేతులు మారకముందే చావడి దగ్గర మాట మారింది. 'మా మూడెకరాలు' అనేవాళ్లు 'పద్నాలుగు వేల ఐదు వందల గజాలు' అనడం మొదలుపెట్టారు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ రోజే భూమి సగం పోయింది. రైతును బ్రోకరు 'ల్యాండ్ ఓనర్' అని పిలిచాడు, మనోడు ఛాతీ పొంగించాడు. రైతు అయితే విత్తుతాడు. ల్యాండ్ ఓనరు చేసే పని ఒక్కటే, అమ్మడం.

మనుషులు దేన్ని నిజమని నమ్మితే దాని ఫలితం నిజంగానే జరుగుతుందని డబ్ల్యు.ఐ. థామస్ అనే ఆయన తేల్చాడు. మొయినాబాద్, శంకర్‌పల్లి మనుషులను అడగండి. 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో నిర్మాణాలకు ఆంక్షలు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. కానీ దానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే 'ఎత్తేస్తారట' అన్న మాట తిరిగింది. ఆ ఒక్క 'అట' మీద ఎన్ని అగ్రిమెంట్లు, ఎన్ని అడ్వాన్సులు, ఎన్ని అన్నదమ్ముల తగాదాలు! పక్క చేనులో నాలుగు రాళ్లు పాతితే మన చేనులో నాగలి ఆగిపోతుంది. కాగితం ఇంకా రాలేదు, ఆర్డరు లేదు. అయినా ఆ చేను బీడు పడింది.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అని ఇంకొకాయన, మనుషులు నాటకంలో లాగా ముందు వేదిక మీద ఒకరకంగా, తెర వెనుక ఇంకోరకంగా ఉంటారన్నాడు. మా బావ ఇప్పుడు ఒక క్యాంపస్‌లో తోటపని చేస్తున్నాడు. నీలం చొక్కా, మెడలో కార్డు. రమ్మంటే ఒకసారి పోయాం. గేటు దగ్గర మమ్మల్ని చూసి కూడా పలకరించలేదు. సూపర్‌వైజరు పోయాక చెట్టు వెనుకకు పిలిచి 'అక్కడ మా బావి ఉండె' అని చూపించాడు. అక్కడిప్పుడు పచ్చగడ్డి లాన్. మూడు రకాల గడ్డి పేర్లు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ గడ్డి పశువులు తినవట.

పిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు మనమే ఏమంటున్నాం? 'అబ్బాయి వ్యవసాయం' అనటానికి నోరు రాదు. 'హైదరాబాదులో ప్రైవేటు జాబ్' అంటాం. వాడు నానక్‌రామ్‌గూడలో బైకు మీద అన్నం పొట్లాలు పంచుతున్నా సరే. మద్దతు ధర కోసం ధర్నాలు చేశాం, చేయాలి. కానీ రైతు అన్న మాటకు ధర పడిపోతుంటే మన సంఘం ఒక్క కరపత్రం వేయలేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి.

మూడు చూపులూ చదివాక వెనక్కి తిరిగి మా పోరాటాల వైపు చూసుకున్నాం. మేం రెండో చూపు మనుషులం, గర్వంగానే చెప్పుకుంటాం. కానీ ఆ తగాదాను 'రైతులు ఒకవైపు, ప్రభుత్వం ఒకవైపు' అని గీసుకున్నాం. మా అక్క వాళ్ల ఊళ్లో టెంటు వేసినప్పుడు ముందు వరుసలో పట్టాదారులే కూర్చున్నారు. ధర పెరిగింది, టెంటు తీసేశాం, విజయం అన్నాం. ఆ చేలలో ఇరవై ఏళ్లు కలుపు తీసిన ఆడవాళ్లకు ఒక్క రూపాయి రాలేదు. కౌలుకు చేసినవాళ్లకు రాలేదు. గొర్లకాపరి, కమ్మరి, ఎడ్లబండి తోలేవాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు. పట్టా భర్త పేరు మీద ఉంటే ఇంటామెకు చెప్పకుండా డబ్బు పోయిన ఇళ్లున్నాయి. పుస్తకంలో స్త్రీవాద దృక్పథానికి అరపేజీ ఇచ్చారు. మా టెంటులో అంత కూడా ఇవ్వలేదు. ఊరంతా ఒక్కటే శరీరం అని మేమే నమ్మాం. ఆఫీసర్ల బొమ్మనే మేం ఎర్రరంగుతో గీశాం.

చట్టం మాత్రం మాకంటే ముందుంది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం 'ప్రభావిత కుటుంబం' అంటే పట్టాదారు కుటుంబం ఒక్కటే కాదంటుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, పాలుకు చేసేవాళ్లు, చేతివృత్తులవాళ్లు కూడా అందులోకి వస్తారు. రెండో షెడ్యూల్లో వాళ్లకు ఉద్యోగం, లేదా 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గకుండా అనే ఎంపిక ఉంది. సామాజిక ప్రభావ అంచనా చేయాలని కూడా ఆ చట్టం పెట్టింది. అదేమిటి? సమాజశాస్త్రమే కదా! ఊళ్లో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఏది డబ్బుతో పూడదు, ఇవన్నీ లెక్కగట్టాలి. అయితే మన రాష్ట్రంలో 2017లో తెచ్చిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకునే దారి పెట్టారు. అంటే ఆ లెక్క వాళ్లు రాయకపోవచ్చు.

జహీరాబాదు వైపు వ్యవసాయ కూలీలు ఈ మాట ముందే గ్రహించారు. 2015లో వచ్చిన 123 జీవో భూమి ఉన్నవాళ్లతోనే నేరుగా బేరం పెట్టింది. భూమి లేని తమ సంగతేమిటని కూలీలే హైకోర్టుకు పోయారు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. తర్వాత అప్పీళ్లు, కొత్త జీవోలు వచ్చాయి, అది వేరే కథ. తమను లెక్కలో చేర్చాల్సిందేనని వాళ్లు కోర్టులో నిలబడి చెప్పారు. మా టెంటులో ఆ మాట వినపడలేదు.

ఇవాళ యాచారం, కందుకూరు వైపు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. చేవెళ్ల వైపు రోజుకో మ్యాపు ఫోన్లలో తిరుగుతోంది. సర్వే బృందం వచ్చాక మూడేళ్ల రుజువు ఎక్కడి నుంచి తెస్తాం? కౌలుకు కాగితం ఉండదు, కూలికి రసీదు ఉండదు.

కాబట్టి ఊరికొక నోటుబుక్కు పెడుతున్నాం. పట్టాదారు పేర్లతో మొదలుపెట్టొద్దు, అవి పహాణీలో ఎట్లాగూ ఉన్నాయి. పహాణీలో లేనివాళ్లతో మొదలుపెట్టండి. ఎవరి చేనులో, ఏ పంటకు, ఏడాదికి ఎన్ని రోజుల పని, ఎన్నేళ్ల నుంచి, ఉపాధి హామీ జాబ్ కార్డు నంబరు, కౌలు ఎంత, సాక్షులు ఎవరు. గొర్లు మేసే బంజరు ఏ సర్వే నంబరు. ఏ కుంట కింద ఎవరు చేపలు పడతారు. భర్తది వేరుగా, భార్యది వేరుగా రాయండి. తేదీ వేసి, గ్రామసభలో చదివి వినిపించి, అక్కడున్నవాళ్ల సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. చట్టం కింద అది ఒక్కటే సరిపోతుందని మేం చెప్పడం లేదు. ఏమీ లేకుండా వాదించడం కంటే అది నయం.

నోటుబుక్కులు మన ఆఫీసు బీరువాలో ఉన్నాయి. పోయేటప్పుడు ఊరికొకటి సంతకం పెట్టి తీసుకుపోండి. ఇందాక టీ తాగి వెళ్లిపోయినవాళ్ల ఊళ్లవి కూడా ఎవరైనా తీసుకుపోయి అందజేయండి.